పంపు దిగే వేళ

పొద్దున్నే కారు ఆపగానే అడేల్ జీల్కీకి కడుపులో తిప్పేది. ఆసుపత్రి పార్కింగులో అన్నిటికన్నా పై అంతస్తుకి పోయి, మిషిగన్ సరస్సు గాలి మొహం మీద కొట్టే మూల చూసుకుని ఆపేది. తలుపు తీసి, తల బయటికి వంచి, వచ్చినంత కక్కేసి, ఆ మంచు మీద కాసిన్ని నీళ్లు పోసి, నోట్లో పిప్పరమెంటు బిళ్ల వేసుకుని లోపలికి నడిచేది. ఎవరైనా చూస్తే నెల తప్పిందేమో అనుకునేవారు. అనుకుంటే అనుకోనీ అని ఆమెకీ ఒకటి రెండుసార్లు అనిపించింది. గుండె ఆపరేషన్లలో మత్తిచ్చే డాక్టరమ్మ భయంతో వాంతులు చేసుకుంటోందని నలుగురికీ తెలియడం కంటే అదే నయం కదా.

మత్తు డాక్టరంటే జనానికి ఎక్కడైనా చులకనే. ఓ సూది పొడిచి, స్టూలు మీద కాలు మీద కాలేసుకుని ఫోను చూసుకుంటారని వాళ్ల నమ్మకం. ఏం చెప్తాం! అలా అన్నవాణ్ణి తీసుకొచ్చి గుండె కోసే గదిలో ఒక్క పూట కూర్చోబెట్టాలి. అక్కడ గుండెని ఆపేస్తారు. ఊపిరినీ ఆపేస్తారు. ఒంట్లో రక్తమంతా గొట్టాల్లోంచి బయటికొచ్చి, పక్కనున్న యంత్రంలో శుభ్రపడి, మళ్లీ లోపలికి పోతుంది. ఆ యంత్రాన్ని వాళ్లు పంపు అంటారు. పని అయ్యాక గుండెని మళ్లీ కొట్టుకోనిచ్చి, పంపు ఆపేసి, ఇక నీ బతుకు నువ్వు బతుకు నాయనా అని మనిషిని వదిలే సమయం ఒకటుంటుంది. దాన్ని పంపు దిగడం అంటారు. ఆ వేళ సర్జనుతో సహా అందరూ చేతులు కట్టుకుని మత్తు డాక్టరు మొహమే చూస్తారు. అడేల్ భయమంతా అక్కడే ఉంది.

ఇంత భయస్తురాలు ఈ పనికెందుకొచ్చిందని అడగొచ్చు. మొదట్లో ఆమె భయస్తురాలు కాదు. మానిటవాక్ దగ్గర పాడి ఆవుల మధ్య పెరిగిన పిల్ల. దూడ అడ్డం తిరిగితే మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగిన పిల్ల. మత్తు డాక్టరుగా చదువు పూర్తయ్యాక హాయిగా ఏ చిన్న ఊళ్లోనో ఉద్యోగంలో చేరొచ్చు. కానీ గుండె మత్తులో ఇంకో ఏడాది శిక్షణ ఉంటుంది, ఫెలోషిప్ అని, అది కూడా చేస్తానని కూర్చుంది. వాళ్ల నాన్న వెండెల్ నెత్తి కొట్టుకున్నాడు. "ఇంకా చదువేంటే? నా ఆవులు కూడా నీకంటే ముందు రిటైరయ్యేట్టున్నాయి" అన్నాడు. ఆమె నవ్వి మిల్వాకీ వచ్చేసింది. జులైలో చేరింది. ఆకులు రాలేదాకా బాగానే ఉంది.

నవంబరులో ఒక ముసలాయన పోయాడు. బడి బస్సు నడిపి రిటైరైన మనిషి, అప్పటికే గుండె జావగారిపోయి ఉంది. పంపు దిగాక ఆ గుండె కాసేపు కొట్టుకుని, మెల్లిగా నీరసించిపోయింది. దానికి బలమిచ్చే ఎడ్రినలిన్ మందు అడేల్ ఎక్కించింది, కానీ కాస్త ఆలస్యంగా. ఆయన ఐసీయూ దాకా వెళ్లి, అక్కడ పోయాడు. తర్వాత పెద్ద డాక్టర్లంతా కూర్చుని, ముందు ఎక్కించినా ఆ గుండె నిలిచేది కాదని తేల్చారు. నీ తప్పేం లేదమ్మా అని భుజం తట్టారు. వాళ్లంటే సరిపోతుందా? రాత్రిళ్లు ఆమె కళ్లు మూసుకుంటే ఆ బీపీ అంకెలు మెట్లు దిగుతూనే ఉండేవి.

అప్పట్నుంచీ ఆమెకో అలవాటు పట్టుకుంది. గుండె గట్టిదైనా సరే, మెత్తదైనా సరే, పంపు దిగకముందే ఎడ్రినలిన్ ఎక్కించే మీట కొంచెంగా తిప్పేసేది. నిజానికి ఆ గదిలో ఒక కట్టుబాటుంది. ఏ మందు మొదలుపెట్టినా గట్టిగా చెప్పాలి, విన్నవాళ్లు తిరిగి అదే మాట అనాలి. ఎడ్రినలిన్ మొదలుపెట్టా అంటే, ఎడ్రినలిన్ మొదలైంది అని పంపు దగ్గర్నుంచో సర్జను దగ్గర్నుంచో జవాబు రావాలి. మొదట్లో అడేల్ చెప్పేది. గట్టి గుండెకి ఎందుకమ్మా అని ఒకరిద్దరు అడిగేసరికి గొంతు తగ్గించింది. తర్వాత పెదవులు మాత్రం కదిలేవి. ఫిబ్రవరి వచ్చేసరికి అదీ లేదు.

ఆమెకి నేర్పే పెద్ద డాక్టరు సోల్వెగ్ బ్రాండ్‌వోల్డ్. పొడుగ్గా, పలచగా, మాట పొదుపుగా ఉండే మనిషి. ఆవిడ కళ్లు కప్పడం ఎవరి తరం? ఒకరోజు మందులు చుక్కచుక్కగా ఎక్కించే చిన్న యంత్రాల వైపు గడ్డంతో చూపించి, "ఇదెందుకు తిరుగుతోంది?" అంది.

"ముందుజాగ్రత్తకి, డాక్టర్."

"ఎవరికి? రోగికా, నీకా?"

అడేల్ నవ్వేసి ఊరుకుంది. ఆవిడ నవ్వలేదు, మందు ఆపేసి వెళ్లింది. మర్నాడు ఆవిడ లేని గదిలో అడేల్ మళ్లీ తిప్పింది.

ఆదివారాలు నాన్నకి ఫోను చేసేది. వాంతుల సంగతి చెప్పేది కాదు గానీ, ఒకసారి మాత్రం నోరు జారి భయంగా ఉంటోంది నాన్నా అంది. "భయపడ్డ ఆవు పాలు చేపదే. పొదుగు నిండా ఉన్నా చుక్క రాల్చదు. దాన్ని కొడితే ఇంకా బిగదీసుకుంటుంది" అన్నాడాయన. ఇంకేమైనా ధైర్యం చెప్తాడేమోనని చూసింది. ఆయన దాణా రేట్ల గురించి మొదలుపెట్టాడు.

ఇలా ఉండగా ఎర్విన్ డ్రెక్స్‌లర్ వచ్చాడు.

ఊరికి దక్షిణాన ఒక పాత బౌలింగ్ హాలు ఆయనది. అరవై దాటినా బండలా ఉంటాడు. గుండెలో ఒక కవాటం వదులై రక్తం వెనక్కి కారుతోంది, దాన్ని కోసి బిగించి కుట్టాలి. గుండె కండ మాత్రం భేషుగ్గా ఉంది. ఆపరేషను రోజు పొద్దున్న అడేల్ చూడ్డానికి వెళ్లేసరికి ఆయన మంచం మీద దుప్పటి మెడదాకా లాక్కుని పడుకున్నాడు. పక్కన భార్య బెర్నడెట్ నిలబడి ఆయన్ని సాధిస్తోంది.

"చూడమ్మా ఈ మనిషిని. అంతంత బంతులు విసిరేవాడు, సూది అంటే చాలు దుప్పట్లో దూరుతున్నాడు."

"సూదికి కాదే. నిద్రపోయాక లేవకపోతే?"

"లేవకపోతే నీ బంతులన్నీ అమ్మేసి ఫ్లోరిడా పోతా. పోనీ లే, నేను హాయిగా ఎండలో పడుంటా" అని బెర్నడెట్ అడేల్ వైపు తిరిగింది. "నాకేం భయం లేదు తల్లీ. ఆ సర్జను చెప్పాడు, రోజూ చేసే పనేనట. ప్రతి శుక్రవారం మా హాల్లో నేను చేపలు వేయించినట్టే అన్నాడు. చేపలు నేనెప్పుడూ మాడ్చలేదు."

ఎర్విన్ అడేల్ చెయ్యి పట్టుకున్నాడు. "డాక్టరమ్మా, లేపుతావుగా?"

"లేపుతాను" అంది అడేల్.

లోపల పని చకచకా సాగింది. ఎర్విన్‌ని నిద్రపుచ్చారు. గొంతులోంచి వేలు లావు గొట్టం ఒకటి అడేల్ లోపలికి దించింది. గుండె వెనకాల నిలబడి లోపల జరిగేదంతా తెర మీద చూపించే గొట్టం అది. సర్జను పేరు మిలోరాడ్ వుకిచ్. చేతిపనిలో మహా నేర్పరి, నోటితో మాత్రం ఆయనతో వేగలేం. కవాటం కుడుతున్నంతసేపూ తన మేనల్లుడి పెళ్లిలో పంది మాంసం ఎలా కాల్చారో చెప్తూనే ఉన్నాడు. పంపు నడిపే జెనీవా టిల్మన్ మధ్యమధ్యలో "ఆ పంది మీ కంటే తక్కువ మాట్లాడుంటుంది డాక్టర్" అని అంటించేది. గదంతా నవ్వింది. అడేల్ కూడా నవ్వింది, ఒక క్షణం లేటుగా.

పంపు దిగే వేళకి బ్రాండ్‌వోల్డ్ ఉండాలి. ఉంది కూడా. కానీ ఆవిడ చూసుకునేది ఆ ఒక్క గదినే కాదు, పక్క గదిలోనూ ఇంకొకరున్నారు. సరిగ్గా అప్పుడే పక్క గదిలో ఒకావిడకి పెద్ద రక్తనాళం చిట్లిందని కేకొచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే.

"గట్టి గుండె ఇది. దానంతటదే దిగుతుంది. ఏదైనా తేడా కనిపిస్తే కేకెయ్యి" అని ఆవిడ వెళ్లిపోయింది.

తలుపు మూసుకుంది. ఆ బస్సు ముసలాయన మొహం ఎర్విన్ మొహం మీదికొచ్చి కూర్చుంది. గట్టి గుండె అని పెద్దావిడ చెప్పింది, తెర కూడా చెప్తోంది, అయినా ఆమె చెయ్యి ఎడ్రినలిన్ మీటకి పోయింది. కొంచెమే కదా అనుకుంది. నోరు విప్పలేదు.

"ఏం తల్లీ, దిగుదామా?" అంది జెనీవా.

"దిగుదాం."

జెనీవా మెల్లమెల్లగా పంపు తగ్గించి ఆపింది. ఎర్విన్ గుండె దిట్టంగా కొట్టుకుంటోంది. తొంభై, వంద, బీపీ బాగుంది. వుకిచ్ "అబ్బ, ఎంత బాగా కుట్టానో" అని తనని తాను మెచ్చుకున్నాడు. అంతలో బీపీ ఎనభై అయింది. తర్వాత డెబ్బై.

"ఏమ్మా, ఏమైంది?"

"చూస్తున్నా."

అడేల్ ఎడ్రినలిన్ పెంచింది. గుండె ఇంకా గట్టిగా, ఇంకా వేగంగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. బీపీ అరవైకి పడింది. ఇంకాస్త పెంచింది. యాభై. పైప్రాణాలు పైనే పోయాయి ఆమెకి. నవంబరు మళ్లీ వచ్చిందనుకుంది. అవే మెట్లు, అదే దిగడం. చేతి తొడుగుల నిండా చెమట.

వుకిచ్ గొంతు లేచింది. "నిద్రపోతున్నావా? రోగిని పడుకోబెట్టమన్నాను గానీ నిన్ను పడుకోమన్లేదు! ఎడ్రినలిన్ ఇవ్వు! కొంచెం కొంచెం కాదు, సిరంజితో కొట్టు!"

నర్సు అప్పటికే సిరంజి నింపి అడేల్ చేతిలో పెట్టింది. బ్రాండ్‌వోల్డ్‌ని పిలవమని ఎవరో పరిగెత్తారు. అడేల్ సిరంజి సూది గొట్టానికి తగిలించి, నొక్కబోతూ, ఎందుకో ఒకసారి తెర వైపు చూసింది. భయంతో అప్పటిదాకా అంకెలనే చూస్తోంది, గుండెని చూడనే లేదు. పిచ్చిది.

తెర మీద గుండె నీరసంగా లేదు. పిడికిలి బిగించినట్టు బిగుసుకుని, లోపల గోడలు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. ఆ వడికి, కొత్తగా కుట్టిన కవాటం ముందు రెక్క ఎగిరివచ్చి, రక్తం బయటికి వెళ్లే గుమ్మానికి అడ్డంపడుతోంది. ఈదురుగాలికి వీధి తలుపు దభాలున మూసుకున్నట్టు, గుండె కొట్టుకున్న ప్రతిసారీ మూసుకుంటోంది. గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటే తలుపు అంత గట్టిగా పడుతోంది, రక్తం అంత తక్కువ బయటికి పోతోంది. కుట్టిన కవాటాలకి ఒక్కోసారి ఇలా అవుతుందని ఆమె చదివింది. పరీక్షలో రాసింది కూడా. అప్పుడు చెమట పట్టలేదు.

తాడే పామై కరిచింది. ప్రాణం నిలబెడుతుందని నమ్మి దాచుకుని తిప్పిన మందే మనిషిని చంపుతోంది.

ఆపాలి. కానీ బీపీ యాభైలో ఉన్న మనిషికి బలమిచ్చే మందు ఆపడమంటే మాటలా? తను చూసింది తప్పయితే అందరి కళ్ల ముందూ తనే చంపినట్టు. చూసింది నిజమయితే, మందు ఎప్పట్నుంచి తిరుగుతోందో చెప్పాలి. గుట్టుగా ఆపేద్దామంటే కుదరదు, ఆ గదిలో ప్రతివాళ్లూ ఇంకా ఇవ్వమనే అరుస్తున్నారు. ముందు నుయ్యి వెనక గొయ్యి.

"ఇవ్వవేం?" అని వుకిచ్ అరిచాడు.

"ఇవ్వను" అంది అడేల్. గొంతు కీచుమంది. మళ్లీ గట్టిగా అంది. "ఎడ్రినలిన్ ఆపేస్తున్నా. అది మొదట్నుంచీ తిరుగుతోంది. నేనే పెట్టా. మీకు చెప్పలేదు."

వుకిచ్ చేతిలో పని ఆపి తలెత్తాడు.

"చెప్పలేదా?" అన్నాడు వుకిచ్.

"చెప్పలేదు. గుండెకి బలం తక్కువై కాదు, ఎక్కువై పడిపోతోంది. గుమ్మానికి రెక్క అడ్డంపడుతోంది, తెర చూడండి. జెనీవా, పంపులో మిగిలిన రక్తం లోపలికి పొయ్యి. గుండె నిండాలి."

అప్పుడు జెనీవా, వంటింట్లోంచి జవాబిచ్చినంత మామూలుగా, "రక్తం పోస్తున్నా" అంది.

అడేల్ ఎడ్రినలిన్ మీట పూర్తిగా వెనక్కి తిప్పేసి, "ఎడ్రినలిన్ ఆగింది" అంది. ఈసారి తిరుగు మాట వుకిచ్ దగ్గర్నుంచే వచ్చింది, పళ్లు కొరుకుతూ. రక్తనాళాలని బిగించే మందు ఇచ్చింది, గుండె వేగం తగ్గించే మందు ఇచ్చింది, రెండూ ఇస్తూ రెండూ అరిచి చెప్పింది. ఇక చేసేదేం లేదు. నలభై ఎనిమిది. ఆ అంకె అక్కడే పాతుకుపోయింది. అయిపోయింది, చంపేశాను అనుకుంది అడేల్. ఆ మాట లోపల అంత స్పష్టంగా వినపడింది. వెనకాల తలుపు తెరుచుకున్న చప్పుడైంది, బ్రాండ్‌వోల్డ్ వచ్చి నిలబడింది. ఆవిడ కూడా తెర చూసి, ఏమీ ముట్టుకోకుండా ఊరుకుంది.

యాభై ఐదు. అరవై. తెర మీద గుండె మెల్లిగా నిండుతోంది, నిదానిస్తోంది. రెక్క ఒకసారి అడ్డంపడింది, తర్వాతిసారి పడలేదు. డెబ్బై ఐదు. తొంభై. నూట ఐదు.

వుకిచ్ పెద్దగా ఊపిరి వదిలాడు. "బాగా పట్టుకున్నావు" అన్నాడు. మళ్లీ ఊరుకోలేక, "ముందే చెప్పేడిస్తే పట్టుకోవాల్సిన పనే ఉండేది కాదు" అన్నాడు. రెండూ నిజమే.

ఎర్విన్‌ని ఐసీయూకి పంపాక, నడవలో బ్రాండ్‌వోల్డ్ ఆమెని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. కింద సరస్సు అంచున మంచుగడ్డలు ఒకదాని మీదొకటి ఎక్కి ఉన్నాయి. అడేల్ అప్పుడు మొత్తం చెప్పేసింది. నవంబరు నుంచీ చేస్తున్నది, పెదవులు కదపడం మానేసినది, పార్కింగులో వాంతులు, అన్నీ. ఏడుపొచ్చింది, ఏడ్చింది.

"భయం ఉండనీ" అంది బ్రాండ్‌వోల్డ్. "నాకూ ఉంది. ఇందాక ఆ తలుపు తీసేటప్పుడు నా చెయ్యి నా మాట వినలేదు. కానీ నీ భయాన్ని గొట్టంలో పోసి ఇంకొకళ్ల ఒంట్లోకి ఎక్కించకు. భయమేస్తే నోరు తెరువు. పక్క గదిలో ఉన్నా వినపడుతుంది."

"ఆయన మెదడుకి..."

"తెలీదు. బీపీ పడిపోయి ఉన్నది తక్కువసేపేం కాదు. లేస్తేగాని చెప్పలేం. ఇంట్లోవాళ్లకి ఇది చెప్పాలి. నా పక్క గది పని అయ్యాక ఇద్దరం కలిసి వెళ్దాం, ఆగు."

అడేల్ ఆగలేదు. ఆగలేకపోయింది. పెద్దావిడకి చెప్పగానే గుండెలమీద బరువు సగం దిగింది. మిగతా సగం కూడా దింపేసుకోవాలని ప్రాణం కొట్టుకుంది. వుకిచ్ అప్పటికే బెర్నడెట్‌కి కవాటం బ్రహ్మాండంగా కుదిరిందనీ, మధ్యలో కాస్త ఒడిదుడుకులొచ్చి సర్దుకున్నాయనీ చెప్పి వెళ్లాడట. అడేల్ ఐసీయూకి నడిచింది.

ఎర్విన్ నోట్లో గొట్టంతో, కళ్లు మూసుకుని పడి ఉన్నాడు. బెర్నడెట్ పక్కన కుర్చీలో కూర్చుని, సంచిలోంచి శాండ్‌విచ్ తీసి తింటోంది. అడేల్‌ని చూసి మొహం విప్పారింది.

"రా తల్లీ. బాగా అయిందటగా. నువ్వేమైనా తిన్నావా? ఇందులో సగం తీసుకో."

అడేల్ మంచం కాళ్ల దగ్గర నిలబడి చెప్పేసింది. గబగబా చెప్పింది. తను ఒక మందు ఎవరికీ చెప్పకుండా పెట్టిందనీ, దానివల్లే బీపీ పడిపోయిందనీ, అది తనే కనిపెట్టి ఆపిందనీ, మెదడుకి ఏమైనా అయిందో లేదో ఆయన లేస్తేగాని తెలియదనీ, క్షమించమనీ అంది. అన్నీ అనేసి, ఊపిరి పీల్చుకుని, "ఏమైనా కావాలంటే నర్సుని పిలవండి" అని వెనక్కి తిరగబోయింది.

"ఏయ్, ఆగు" అంది బెర్నడెట్.

శాండ్‌విచ్ కాగితంలో పెట్టేసింది. ఆవిడ మొహంలో రంగు లేదు. పొద్దున ఫ్లోరిడా పోతానన్న మనిషి కాదు ఈవిడ.

"ఎక్కడికి పోతున్నావు? పొద్దున్నుంచీ నాకు భయం లేదు. నలభై ఏళ్లు కాపురం చేశా, ఈయన లేవడన్న ఊహే నాకు రాలేదు. ఇప్పుడు నువ్వొచ్చి లేవకపోవచ్చని చెప్పావు. లేచినా నన్ను గుర్తుపట్టకపోవచ్చని చెప్పావు. చెప్పినందుకు తిట్టను, ఆ సర్జను చెప్పలేదు, నువ్వు చెప్పావు. కానీ నీ బరువు నా నెత్తిన దింపి నువ్వు చేతులు దులుపుకుని పోతానంటే కుదరదు. కూర్చో."

"నాకు ఇంకో..."

"కూర్చోమన్నా."

అడేల్ కుర్చీ లాక్కుని కూర్చుంది. బ్రాండ్‌వోల్డ్‌కి కబురు పంపితే, ఉండు, నీ పని నేను చూసుకుంటా అని జవాబొచ్చింది. యంత్రం ఎర్విన్ ఛాతీని లేపి దింపుతోంది. బెర్నడెట్ ఒక్కసారి కూడా అడేల్ వైపు చూడలేదు, కానీ కాసేపటికి అడేల్ మణికట్టు పట్టుకుంది, గోళ్లు దిగేటట్టు. పొద్దున పార్కింగులో పడ్డ భయం దీని ముందు ఏ మూలకి? అది తన పరువు పోతుందేమో, తన చేతుల్లో ఎవరైనా పోతారేమో అన్న భయం. ఇప్పుడు ఈ మంచం మీది మనిషి, ఈ చెయ్యి పట్టుకున్న మనిషి, వీళ్లకేమవుతుందోనన్న భయం. పారిపోవడానికి కూడా వీల్లేదు. నర్సు వచ్చి మత్తు మందు ఆపేసి వెళ్లింది. చాలాసేపు ఏమీ కాలేదు. బెర్నడెట్ పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనో తిట్లో తెలియదు.

సాయంకాలం వెలుగు తగ్గుతుండగా ఎర్విన్ కనుబొమలు ముడిపడ్డాయి. అడేల్ లేచి ఆయన మీదికి వంగింది.

"ఎర్విన్, కళ్లు తెరవండి."

తెరవలేదు. ఆమె చెయ్యి ఆయన కుడి చేతిలో పెట్టింది. "నా వేళ్లు నొక్కండి."

ఏమీ లేదు. బెర్నడెట్ ఆమెని పక్కకి తోసేసి, భర్త చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఒరేయ్ ఎర్విన్. నేనురా. నొక్కరా."

ఆయన కళ్లు తెరిచాడు. భార్యని చూశాడు. కుడి చేత్తో ఆవిడ వేళ్లు నొక్కాడు, ఎడమ చేత్తో కూడా నొక్కాడు, గొట్టం మీదుగా మొహం చిట్లించి, దీన్ని తీసెయ్యమని సైగ చేశాడు. బెర్నడెట్ ఆయన దుప్పట్లో మొహం పెట్టి, చుట్టుపక్కల మంచాలవాళ్లు తల తిప్పి చూసేంత గట్టిగా ఏడ్చింది. అడేల్ గోడకి చేరబడి నిలబడింది, తనెప్పుడు అలా చేరబడిందో తనకే తెలియదు.

గొట్టం తీసి, ఎర్విన్ దగ్గి, నీళ్లు అడిగి, మళ్లీ నిద్రపోయాక, అడేల్ తలుపు వైపు కదిలింది. బెర్నడెట్ కళ్లు తుడుచుకుంటూ వెనకాలే వచ్చింది. కౌగిలించుకుంటుందేమో, కొడుతుందేమో అనిపించింది. ఆవిడ రెండూ చెయ్యలేదు.

"ఇంకెప్పుడైనా ఎవరికైనా ఇలాంటిది చెప్పాల్సొస్తే, ముందు కూర్చో" అంది. "కూర్చున్నాకే నోరు విప్పు."

అడేల్ తల ఊపింది.